మేకల కేసులో ముప్పయ్యేడు వెతుకులాటలు

చెరుపు 3318, సోమవారం

పాత పుస్తకం నిన్నటితో నిండిపోయింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో గుమాస్తా ఎవరో, పనేమిటో రాయాలని రూలు. నా పేరు కలిశెట్టి వరాలమ్మ, వయసు యాభయ్యారు, మెట్టపాలెం పోలీసు స్టేషన్లో చెరుపు గుమాస్తాని. జీతం మాత్రం పోలీసులది కాదు, మునిసిపాలిటీది. అందుకే ఇక్కడ అందరూ నన్ను మర్యాదగా చూస్తారు, ఎవరూ టీకి పిలవరు. ఈ పుస్తకం చేత్తోనే రాయాలట, ఏ యంత్రానికీ చూపించకూడదట. చెరిపే ఉద్యోగమిచ్చి ఇంత రాత పని అంటగట్టిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయన చేతికి ఎప్పుడూ నొప్పి వచ్చి ఉండదు.

పని ఇది. ఊళ్ళో అరవై నాలుగు స్తంభాల మీద కెమెరాలున్నాయి. దారిన పోయే ప్రతి బండి నంబరూ వాటికి పడుతుంది. ఇరవై ఒక్క రోజులు దాస్తారు. తర్వాత రోజూ సాయంత్రం నాలుగింటికి, అన్నిటికన్నా పాత రోజు ఒకటి చెరిపేస్తాం. మీట నొక్కేది నేను కాదు, లాటరీలో పేరొచ్చిన ఊరివాళ్ళెవరో ఒకరు. వాళ్ళని సాక్షి అంటాం. సంతకం పెట్టించుకుని, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపిస్తాం.

ఈరోజు సాక్షి కుట్టుపని చేసే సరోజనమ్మ. మీట నొక్కి, చెవి ఒగ్గి కూర్చుంది.

“ఇంతేనేటమ్మా? సప్పుడైనా రాదా?” అంది.

అందరూ ఇదే అడుగుతారు. అందుకే రెండేళ్ళ కిందట ఒక చిన్న గంట కొని బల్లమీద పెట్టాను. రూల్లో లేదు. చెరిపాక సాక్షి ఆ గంట కొడితే పని అయినట్టు వాళ్ళకి తృప్తి. సరోజనమ్మ మూడుసార్లు కొట్టింది.

వెళ్ళేముందు మజ్జిగ తాగుతూ, వాళ్ళ అక్క పెళ్ళినాటి మాట చెప్పింది. అప్పటికి చెరుపు చట్టం లేదు. సంబంధం కుదిరేముందు ఇరుపక్షాలూ జాతకాలతో పాటు బండి చరిత్ర కూడా తెప్పించుకునేవారట. పెళ్ళికొడుకు స్కూటరు ఏ వీధిలో ఎన్ని గంటలు ఆగిందో అందులో ఉండేది. వాళ్ళ బావ స్కూటరు ఆరునెలల పాటు రోజూ ఒక ఇంటిముందు ఆగిందని సంబంధం తప్పిపోబోయింది. తీరా చూస్తే అది ఆయన హిందీ పాఠాలు చెప్పించుకునే మాస్టారిల్లు. “ఆ హిందీ ఆడికి రానేదు, అది ఏరే సంగతి” అంది సరోజనమ్మ.

చెరుపు 3319, మంగళవారం

మంగళవారం స్తంభాల పని. ప్రతి స్తంభానికీ మనిషి ఎత్తులో ఒక నల్లబోర్డు ఉంటుంది. గడిచిన నెలలో ఆ స్తంభం దగ్గర పోలీసులు ఏయే వెతుకులాటలు చేశారో, ఏ కేసు కోసమో, ఏ అధికారో సుద్దముక్కతో రాయాలి. తెర మీద చూపిస్తే చాలదా అని నేను చేరిన కొత్తలో అడిగాను. తెర అయితే రాత్రికి రాత్రి మారిపోతుందట, సుద్ద తుడిచినా మరక ఉంటుందట. పోనీలే అనుకున్నాను. వారానికి పదహారు స్తంభాల చొప్పున తిరుగుతున్నాను, నెలకి ఊరంతా అవుతుంది.

సముద్రం పాత ఊరిని మింగేశాక కడలివైపు కట్టిన కట్ట మీద మొదటి పదహారూ ఉన్నాయి. ఉప్పుగాలికి సుద్ద నిలవదు. ఆఫీసు బండి దానంతట అదే నడుస్తుంది గాని, ప్రతి స్తంభానికీ నాలుగడుగుల అవతల ఆగుతుంది. నా మోకాలి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

అధికారి “పేరు” రాయాలని రూలు. నేను పేరు రాయను, వాళ్ళ నంబరు రాస్తాను. రోజూ ఎదురుపడే మనుషుల పేర్లు నడిరోడ్డు మీద రాయడమేమిటని మొహమాటం. తొమ్మిదేళ్ళ నుంచీ అందరు గుమాస్తాలమూ అలాగే చేస్తున్నాం. బోర్డు చదివేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు.

ఎక్కువ బోర్డుల మీద ఒకటే కేసు రాశాను: మేకల దొంగతనం, హెడ్ కానిస్టేబుల్ 214.

చెరుపు 3322, శుక్రవారం

వారం లెక్క స్టేషను బయట గోడకు అంటించాను. దీన్ని జనం చదువుతారు, ఎందుకంటే పక్కనే టీకొట్టు ఉంది. వరుసగా ఆరోవారం కూడా మేకల కేసే పైన ఉంది. ఈ వారం ఎనిమిది వెతుకులాటలు, మొత్తం ముప్పయ్యొకటి. ఇంటి దొంగతనాల కేసులన్నీ కలిపినా నాలుగు దాటలేదు.

టీకొట్టు దగ్గర నవ్వులు. “మేకగా పుట్టినా బాగున్ను, పోలీసోలు ఎతికిపెడుదురు” అన్నాడొకాయన. నేనూ నవ్వాను.

214 అంటే బోణం తవిటినాయుడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను “అప్పా” అని, సొంత అక్కని పిలిచినట్టు, నోరారా పిలుస్తాడు. నన్ను టీకి పిలిచేవాడు ఈ స్టేషన్లో అతనొక్కడే. మోకాలికి ఆపరేషనైనప్పుడు నెలరోజులు తన బండిలో తెచ్చి దింపాడు. వెతుకులాట అడిగే అధికారి కాగితం మీద కేసు నంబరు, కారణం రాసిస్తే, ఆ కేసు తెరిచి ఉందో లేదో చూసి నేను ముద్ర వెయ్యాలి. ముద్ర లేకపోతే యంత్రం వెతకదు. వెతికే బండి నంబరు నాకు కనబడదు, ముసుగేసి ఉంటుంది. అన్ని కాగితాల మీదా ఒకటే బండి అని మాత్రం తెలుస్తుంది. దొంగ బండి అయి ఉంటుంది, వదలకుండా పట్టుకున్నాడు అనుకున్నాను. కాగితాలు నీటుగా రాస్తాడు, నేను ఠక్కున ముద్ర వేస్తాను.

నా మెడలో ఒక తాళంచెవి ఉంది. దాంతో ముసుగు తీయవచ్చు. కోర్టు చెబితేనే తీయాలి. తొమ్మిదేళ్ళలో రెండుసార్లు తీశాను.

చెరుపు 3325, సోమవారం

పొద్దున్నే తవిటినాయుడు రెండు కాగితాలూ, ఆకులో చుట్టిన పనసతొనలూ తెచ్చాడు.

“మేకలు దొరికేలాగున్నాయేటి?” అన్నాను.

“దగ్గరికొచ్చేసినాను అప్పా. ముందర ఊరంతా ఎతికినాను, తరవాత పంతొమ్మిది స్తంభాలు. ఇప్పుడు ఏడు సాలు” అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

పని మీద ఇంత శ్రద్ధ ఉన్నవాడు ఈ రోజుల్లో అరుదు. ఇల్లు ఎలా ఉందని అడిగాను. భార్య చంద్రకళ మూడునెలల నుంచీ సోంపేటలో వాళ్ళమ్మ దగ్గరే ఉందిగా, వంటా పెంటా తనే చేసుకుంటున్నానన్నాడు. పాపం అనిపించింది. రెండు ముద్రలూ వేశాను. పనస తియ్యగా ఉంది.

చెరుపు 3328, గురువారం

గురువారం కిటికీ తెరవాలి. బండి సొంతదారు ఎవరైనా వచ్చి వేలిముద్ర వేసి, “నా బండిని ఎవరు వెతికారు?” అని అడగవచ్చు. యంత్రం మడత కాగితం ఇస్తుంది. ఏ అధికారి, ఏ కేసు, ఎన్నిసార్లు, నా తాళంతో ముసుగు తీసి ఎవరైనా చూశారా, అన్నీ అందులో ఉంటాయి. ఫిర్యాదు చేస్తానంటే అక్కడికక్కడే రాసుకోవాలి. పది నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఒక పెద్దాయన కరెంటు బిల్లు ఇక్కడే కట్టాలా అని అడిగాడు. ఈ కిటికీ ఉందని ఎవరికీ గుర్తులేదు. నన్నెవరు వెతుకుతారులే అని అందరికీ ధీమా.

నిన్నా మొన్నా మూడు ఇచ్చిన తవిటినాయుడు ఈరోజు ఇంకో కాగితం తెచ్చాడు. ముప్పయ్యేడోది. స్తంభాలు మూడే: నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. కొండవాలు సంత రోడ్డు. ముద్ర వేశాను. శనివారం నుంచి మూడురోజులు సెలవు పెట్టానని చెప్పాడు.

“మేకల్ని పట్టుకునే టైములో సెలవేమిటి?” అన్నాను.

“సొంత పని అప్పా” అన్నాడు.

చెరుపు 3329, శుక్రవారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి. పేజీలు ఎన్నయినా సరే.

సాక్షిగా లాటరీలో గుంపసామి అనే ముసలాయన పేరొచ్చింది. డెబ్బై దాటినవాడు, తలపాగా, చేతికర్ర. నాలుగింటికి ఇంకా పావుగంట ఉందని, గోడకు అంటించబోయే వారం లెక్క ఆయన ముందే రాస్తున్నాను. పైన ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను.

“మేకల కేసంటే ఎవుల మేకలమ్మా?”

“బందపేట గుంపసామివట తాతా” అని, పేరు నోట్లోంచి వచ్చాక ఆగిపోయాను.

“నావే గదా!” అన్నాడు ఆయన. “నా మేకల్ని ఇంకా ఎతుకుతున్నారేటి? అయి వొచ్చీసి నెల దాటిపోనాది తల్లీ. పక్కూరోడి మందలో కలిసిపోయి, తొమ్మిదో రోజుకి ఆటంతట అయ్యే వొచ్చీసినాయి. ఆ హెడ్డుగారికి నానే వొచ్చి సెప్పినాను. కాయితం మీద వేలిముద్దర కూడా ఏసినాను. ఆయన సాలా మంచోడు. నీ మేకలు బాగుండాల తాతా అన్నాడు.”

ఆ కాగితం కేసు దస్త్రంలో లేదు. కేసు తెరిచే ఉంది. మేకలు పోయి యాభై రెండు రోజులు, తిరిగొచ్చి నలభై మూడు. వెతుకులాటల్లో ముప్పయ్యొకటి మేకలు కొట్టంలో చేరాక జరిగినవి. ముందు జరిగిన ఆరూ కూడా అదే బండి కోసం.

ముసలాయన చేత మీట నొక్కించి, మజ్జిగ ఇచ్చి, సర్కిల్ ఇన్‌స్పెక్టరు కోమలి గారి గదికి వెళ్ళాను. ఆవిడ విన్న వెంటనే తవిటినాయుడి వెతుకులాట హక్కు ఆపేశారు, సెలవు రద్దు చేశారు, సోమవారం విచారణ అన్నారు. అంతవరకూ బాగానే ఉంది.

కారణం లేకుండా వెతికారని తేలితే బండి సొంతదారుకి ఉత్తరం పంపాలని రూలు. లోపలి కాగితం నాకు కనబడదు, యంత్రమే మడిచి కవర్లో పెడుతుంది. కవరు మీద చిరునామా మాత్రం కనబడకుండా ఎలా ఉంటుంది? బోణం చంద్రకళ, పోలీసు క్వార్టర్లు, ఇంటి నంబరు తొమ్మిది.

తవిటినాయుడి ఇల్లు.

ఆమె సోంపేటలో లేదు. ఇంట్లోంచి వెళ్ళిపోయి, ఇదే ఊళ్ళో ఎక్కడో బతుకుతోంది. ఇతను నా ముద్రతో ఒక్కో స్తంభమే తగ్గించుకుంటూ ఆమె గుమ్మం దాకా వెళ్ళాడు. నేను పనసతొనలు తింటూ శభాష్ అనుకున్నాను.

“ఈ ఉత్తరం పోస్టు చేస్తే అతని చేతికే వెళ్తుందండీ” అన్నాను కోమలి గారితో.

“రిజిస్టర్లో ఉన్న అడ్రసుకే పంపాలి గదా వరాలమ్మ గారూ.”

“ఇప్పుడు వెతకలేడు సరే. మూడు స్తంభాలు అతనికి ఇప్పటికే తెలుసు. సంత రోడ్డులో నిలబడితే చాలు, ఆమె అటే వస్తుంది. ఆమెకి ముందే తెలియాలి.”

ఆవిడ చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. “సెలవు ఆపగలను గాని ఆదివారం ఆపలేను. ఆరోజు డ్యూటీ లేదతనికి” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “మీ మెడలో తాళం ఉంది గదా. ఒక్కసారి తీసి, ఆవిడ ఎక్కడుంటోందో చూడండి. వెళ్ళి చెప్పి వచ్చేద్దాం. ఆవిడ మంచికే గదా. నేను చూడనట్టుంటాను” అన్నారు.

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. నా చెయ్యి తాళం దాకా వెళ్ళింది కూడా. రెండు నిమిషాల పని. కాని ఎవరికీ కనబడకూడదని ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళింది. మొగుడు వెతికాడు. ఇప్పుడు నేనూ వెతికితే, ఆమెను వెతికినవాళ్ళ పట్టికలో నేను రెండోదాన్నవుతాను.

“ఆ ముప్పయ్యేడు ముద్రలు కూడా మంచికే వేశానండీ” అన్నాను.

కవరు నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పోస్టు చెయ్యనందుకు రేపు నామీద రాయదలచుకుంటే రాయవచ్చు.

చెరుపు 3330, శనివారం

నిద్ర పట్టలేదు. తెల్లవారుతుండగా తోచింది. ఆమె ఎక్కడుంటుందో నాకు తెలియక్కర్లేదు. ఆ మూడు స్తంభాల ముందు నుంచి వెళ్తుందని తెలుసు, అది చాలు. బోర్డు ఉంది, సుద్ద ఉంది. ఇన్నాళ్ళూ మొహమాటపడి మానేసిన రూలూ ఉంది.

ఏడింటికే సంత రోడ్డు చేరాను. నలభై ఒకటో స్తంభం పిండిమర ఎదురుగా, నలభై రెండు కూరగాయల వరస మొదట్లో, నలభై మూడు మంచుగిడ్డంగి మలుపులో. మూడింటి మీదా బోర్డు నిండా పెద్ద అక్షరాలతో ఇలా రాశాను:

“ఈ స్తంభం దగ్గర ఒకే ఒక బండి కోసం వెతికిన అధికారి: హెడ్ కానిస్టేబుల్ బోణం తవిటినాయుడు. చెప్పిన కారణం: మేకల దొంగతనం. ఊరంతా కలిపి 37 సార్లు. మేకలు దొరికి 44 రోజులు. తన బండిని ఎవరు వెతికారో తెలుసుకోదలచినవారు గురువారం కిటికీకి రావచ్చు.”

ఆమె పేరు లేదు, బండి నంబరు లేదు. అయినా మొగుడి పేరు ఆమెకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. బెండకాయలమ్మే ఆమె ఒకతె వచ్చి చదివి, నావైపు చూసి, మళ్ళీ చదివింది.

“ఎవుల్ని ఎతికినాడమ్మా?”

“నాకు తెలియకూడదు” అన్నాను.

ఆమె బోర్డుకి అడ్డంగా ఉన్న తన గొడుగు తీసి ఇవతల పెట్టుకుంది.

చెరుపు 3331, ఆదివారం

నాకు సెలవే. అయినా ఎనిమిదింటికి వెళ్ళి నలభై రెండో స్తంభం కింద అరుగు మీద కూర్చున్నాను. తొమ్మిది దాటాక తవిటినాయుడు వచ్చాడు. మామూలు చొక్కా. బోర్డు చదివాడు. జేబురుమాలు తీసి తుడిచేశాడు. పక్కకి తిరిగేసరికి నేను కనబడ్డాను.

“అప్పా” అన్నాడు. “నా పేరు నడిరోడ్డు మీద ఎట్టీసినావు.”

“పేరే రాయాలని రూలు తమ్ముడూ. ఇన్నాళ్ళూ నంబరు రాసింది నా తప్పు.”

లేచి మళ్ళీ రాశాను. అతను ఆగి, నేను రాయడం అయ్యేదాకా చూసి, మళ్ళీ తుడిచాడు. నేను మళ్ళీ రాశాను. అతను చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. ఎప్పుడూ అంత మెత్తగానే మాట్లాడతాడు. నాకు ఆ మెత్తదనమే ఇప్పుడు భయమేసింది.

“నానేటి దొంగనా అప్పా? నా పెళ్ళాం ఎక్కడుందో నాను సూసుకోకూడదా?”

“నువ్వు కాగితం మీద పెళ్ళాం అని రాయలేదు. మేకలని రాశావు.”

“పెళ్ళాం అంటే నువ్వు ముద్దర ఏద్దువా?”

“వెయ్యను.”

“అందుకే గదా!” అన్నాడు, అదేదో న్యాయమైన మాటయినట్టు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. “మాటాడదామనే అప్పా. ఒక్కసారి సెయ్యి జారినాది, దానికే ఎల్లిపోవాలేటి? ఒక్క మాట మాటాడితే వొచ్చెత్తాది.”

“ఆమెకి మాట్లాడాలని ఉంటే నీ ఇల్లు ఆమెకి తెలుసు గదా.”

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నెలరోజులు నన్ను చెయ్యి పట్టుకుని బండి ఎక్కించినవాడు. ఆమె మీద లేచిందీ ఆ చెయ్యే. ఈ రెండూ ఒకే మనిషివని ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టంగా ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా.

“ఆ ముద్దర్లన్నీ నీయే అప్పా. ఇచారణలో నిన్నూ అడుగుతారు. సూసుకో” అన్నాడు.

“అడగనీ.”

మూడోసారి తుడిచేసరికి నా సుద్దముక్క అయిపోయింది. సంతలో జనం అప్పటికి చుట్టూ చేరారు. బెండకాయలామె తన ధరల పలక దగ్గరున్న సుద్ద తీసి నా చేతిలో పెట్టింది. పిండిమర ఆయన నలభై ఒకటో స్తంభం దగ్గర నిలబడ్డాడు, మంచుగిడ్డంగి హమాలీలు ఇద్దరు నలభై మూడు దగ్గర. తవిటినాయుడు వాళ్ళందరినీ ఒకసారి చూశాడు. తన పేరు తెలిసిపోయిన మనుషుల మధ్య ఎవరికోసమో కాపు కాయడం కుదరదని అర్థమైనట్టుంది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. నేను ఏ నంబరూ చదవలేదు. అలవాటు కొద్దీ కళ్ళు నంబర్ల మీదకి పోతుంటే, చక్రాలు చూస్తూ కూర్చున్నాను.

చెరుపు 3333, మంగళవారం

నిన్న విచారణ. ముసలాయన వచ్చి మేకల సంగతి చెప్పాడు, చంకలో ఒక మేకపిల్లని కూడా తెచ్చాడు, సాక్ష్యానికట. తవిటినాయుడిని సస్పెండు చేసి, రోజూ జిల్లా ఆఫీసులో సంతకం పెట్టాలన్నారు. ముద్రల సంగతి నన్ను అడిగారు. కేసు తెరిచి ఉంది కాబట్టి రూలు ప్రకారం గుమాస్తా తప్పు లేదని రాసుకున్నారు. రూలు ప్రకారం నిజమే. ముప్పయ్యేడుసార్లు ఒకటే బండి ఏమిటని అడగాలన్న రూలు ఎక్కడా లేదు.

ఈరోజు బల్ల దగ్గర కూర్చుంటే ఒకటే ఆలోచన. బోర్డు చూసిందా? చూసి ఎక్కడికైనా పోయిందా? అసలు బాగుందా? తాళం తిప్పి, ఆ బండి నిన్న సంత రోడ్డులో కనబడిందో లేదో చూస్తే నా మనసు కుదుటపడుతుంది. నా మనసు కోసం అంతే. ఇంకెవరికీ ఉపయోగం లేదు. తాళం తీసి సొరుగులో పెట్టాను, కాసేపటికి సొరుగు కూడా తెరవబుద్ధయింది. లేచి వెళ్ళి పదహారు బోర్డులూ రాసుకొచ్చాను. అన్నిటిమీదా పేర్లే రాశాను. ఎస్సై ఒకాయన ఫోను చేసి నొచ్చుకున్నాడు.

చెరుపు 3335, గురువారం

కిటికీ తెరిచేసరికి పదకొండుమంది వరుసలో ఉన్నారు. బోర్డుల సంగతి ఊరంతా పాకింది. పదిమందిని ఎవరూ వెతకలేదు. వాళ్ళలో కొందరికి తృప్తిగా ఉంది, ఒకాయనకి కాస్త చిన్నతనంగా కూడా ఉన్నట్టుంది.

పదకొండో మనిషి ముప్పయ్యేళ్ళ ఆడమనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చేతులకి ఇడ్లీపిండి ఎండి ఉంది. వేలిముద్ర వేసింది. యంత్రం ఇచ్చిన కాగితం చాలాసేపు మడత విప్పకుండా పట్టుకుంది. తర్వాత విప్పి, వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. అందరు ఆడవాళ్ళూ ఇలాగే చదువుతారేమో, ఈమె కాదేమో అని నాకు నేను చెప్పుకున్నాను.

“ముప్పయ్యేడు” అంది.

“ఔనమ్మా.”

“తాళంతో సూసినది సున్నా అనున్నాది. నిజమేనేటి?”

“నిజమే.”

“బోర్డు రాసింది మీరేనా?”

“నేనే.”

“నానెక్కడుంటన్నానో తెల్సుకోకండానే?”

“తెలుసుకోలేదు.”

కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. “శనారం పొద్దున సూసినాను ఆ బోర్డు. బండి ఆపకండా ఎల్లిపోనాను. మూట కట్టీసినాను, ఈ ఊరే వొగ్గీదామని. నన్ను కాపాడదామనైనా ఈ ఆఫీసోలు నా సోటు సూసుంటారు గదా, ఒకలికి తెలిస్తే పదిమందికి తెలుత్తాది అనుకున్నాను. సూసుంటే ఈ కాయితంలో పడతాదని ఎవులో అన్నారు. అది సూసుకుని ఎల్దామని ఒచ్చినాను.” కాగితం మీద సున్నా దగ్గర మళ్ళీ వేలు పెట్టింది. “ఇంక ఎల్లను.”

మంచినీళ్ళ గ్లాసు ఆమె కోసమని పోసి నేనే తాగేశాను.

ఆమె వెళ్ళలేదు. కాగితం వెనక్కి తిప్పింది. “ఈ ముద్దర్లు ఎవులివి?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలియాల్సింది.

“నావి.”

“ముప్పయ్యేడూ?”

“ముప్పయ్యేడూ నావే. మేకలంటే నమ్మేశాను. ఒకటే బండి ఏమిటని ఒక్కసారీ అడగలేదు. అతను నాకు బాగా కావలసినవాడు, అందుకని.”

ఆమె నావైపు కోపంగా చూస్తే బాగుండేది. మామూలుగా చూసింది. “కంప్లైంటు రాయాల” అంది. ఫిర్యాదు పుస్తకం తీశాను. మొదటి పేరు తవిటినాయుడిది. రోజులు, స్తంభాలు, కేసు నంబరు, అన్నీ ఆమె కాగితం చూసి చెప్పింది, నేను రాశాను.

“రెండో పేరు…” అని ఆగింది. “మీ పేరు తెల్దు నాకు.”

“కలిశెట్టి వరాలమ్మ. చెరుపు గుమాస్తా.”

“బోర్డు మీద రాసి మంచి పని సేసినారు. అయినా రాయాల గదా?”

“రాయాలి” అన్నాను. రాశాను. నా పేరు పక్కన ఏం రాయాలని అడిగితే, “అడక్కండా ముద్దర ఏసినాది” అని రాయమంది. అలాగే రాశాను.

సంతకం పెట్టేముందు చదివి వినిపించమంది. మొదటి పేరు చదివాను. రెండోదాని దగ్గరకొచ్చేసరికి, వెనక బెంచీ మీద మనుషులున్నారని, నా గొంతు తగ్గిపోయింది. ఆమె కిటికీకి దగ్గరగా వచ్చి, గట్టిగా చదవమంది.

గట్టిగా చదివాను.